సగంలో ఉన్న కంపైలర్‌కు సాయం కావాలి

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషకు, జీసీసీ అనే కంపైలర్ల సముదాయంలో ఒక కంపైలర్ (మనం రాసిన ప్రోగ్రామ్‌ను ప్రాసెసర్‌కు అర్థమయ్యే కోడ్‌గా మార్చే సాధనం) తయారుచేసే పని 2014లోనే మొదలైంది. అప్పటికి రస్ట్ 1.0 విడుదల కాలేదు. భాష నియమాలు తరచూ మారుతూ ఉండడంతో, రాసిన కోడ్ రాసినట్టే పాతబడిపోయి, కొన్నాళ్లకు పని ఆగిపోయింది. మళ్లీ ఊపందుకుని 2022 డిసెంబరులో జీసీసీ ప్రధాన కోడ్‌లో చేరినా, ఇంకా పూర్తికాలేదు. రస్ట్ అధికారిక కంపైలర్ ఆధారపడే ఎల్ఎల్‌వీఎం అనే వ్యవస్థ మద్దతు ఇవ్వని సూపర్‌హెచ్ వంటి పాత ప్రాసెసర్లకూ జీసీసీ కోడ్ తయారుచేయగలదు కనుక, ఇది పూర్తికావాలని నా గట్టి కోరిక.

కంపైలర్ అనగానే చాలామంది జంకుతారు, కానీ తొలి అడుగు చిన్నదే. ఒక పరీక్ష రాస్తే చాలు: కావాలనే తప్పు పెట్టి నాలుగు వరుసల ప్రోగ్రామ్ రాసి, తప్పున్న వరుస పక్కనే వ్యాఖ్యగా ‘డీజీ-ఎర్రర్’ అని పెట్టి, రావలసిన సందేశాన్ని కొటేషన్లలో ఇస్తే, కంపైలర్ అక్కడే ఆ తప్పును పట్టుకుంటుందో లేదో పరీక్షా వ్యవస్థ చూసుకుంటుంది. దానికి, ఈ కంపైలర్‌ను రాస్తున్న సీ++ భాష లోతుగా తెలియనవసరం లేదు.

ఈ ప్రాజెక్టు సమస్యల జాబితాలో, కొత్తవారికి తగినవని ‘గుడ్-ఫస్ట్-పీఆర్’ అనే గుర్తు వేసినవాటిలో ఒకటి ఎంచుకోండి. వారానికి రెండు గంటలు కేటాయించగలిగితే చాలు. మొదటి ప్యాచ్ (కోడ్‌లో మీరు చేసిన మార్పు) పంపేవరకు పక్కన కూర్చుని నేర్పడానికి నేను సిద్ధం.