ఆకుల్లో ఒకదానికి కన్నుంది

పెరూలో తంబోపాటా అడవికి వెళ్ళినప్పుడు అందరిలాగే నేనూ పైకే చూస్తూ నడిచాను, మకావ్ చిలకలు, కోతులు, ఆకాశం కనపడనివ్వని చెట్లు, సాయంత్రానికల్లా మెడ పట్టేసేది. మూడో రోజు మా గైడ్ చటుక్కున నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. పామేమోనని గుండె ఆగినంత పనైంది. చూస్తే ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. అతను వేలు పెట్టి చూపించాక కూడా నాకు నిమిషం పట్టింది. ఆ ఆకుల్లో ఒకదానికి కన్నుంది.

అది గోదురుకప్ప. శాస్త్రీయ నామం రైనెల్లా మార్గరిటిఫెరా. మన పెరట్లో వానాకాలం తిరిగే గోదురుకప్పల కుటుంబమే కానీ తీరు పూర్తిగా వేరు. మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. వీపు మధ్యలో తల నుంచి కిందిదాకా పాలిపోయిన సన్నటి గీత, అచ్చం ఆకు ఈనె. కళ్ళ వెనక ఎముక గట్లు చెవుల్లా లేచి ఉండటంతో తల తలలాగే లేదు, ఎండి ముడుచుకున్న ఆకు మూలలా ఉంది. పక్కల వెంట బుడిపెల వరస, చిరిగిన ఆకు అంచులాగా. గొంతు కింద చర్మం మాత్రం టకటకా కొట్టుకుంటోంది. ఇంతలో ఒక చీమ దాని ముక్కు ముందు నుంచి పోబోయింది, నాలుక బయటికొచ్చిందో లేదో నాకు తెలీలేదు, చీమ మాత్రం లేదు. వీటి తిండిలో ఎక్కువ భాగం చీమలేనట.

లారెంటి అనే శాస్త్రవేత్త 1768లోనే దీనికి పేరు పెట్టాడు, మార్గరిటిఫెరా అంటే ముత్యాలు మోసేది అని. ఆ ఒక్క పేరు కింద నిజానికి చాలా జాతులు కలిసిపోయి ఉన్నాయని తర్వాత తేలింది, వాటిని విడదీసే పని ఇప్పటికీ పూర్తి కాలేదు. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. ఆ రోజు మేం చూసిన మూడూ మూడు రంగులు, ఒకటి తుప్పు, ఒకటి బూడిద, ఒకటి పసుపు కలిసిన గోధుమ.

ఇవి పగలు నేల మీద తిరిగి, రాత్రి చిన్న మొక్కలెక్కి పడుకుంటాయి. చీకటి పడ్డాక అదే దారిలో టార్చి పట్టుకుని వెళ్ళాం. మోకాలెత్తున పచ్చటి ఆకు మీద కాళ్ళు ముడుచుకుని ఒకటి, నాలుగడుగుల అవతల ఇంకొకటి. పొద్దున కాళ్ళ దగ్గరున్నా దొరకనివి ఇప్పుడు దూరం నుంచే కనిపిస్తున్నాయి. దాని బరువుకి ఆకు కొంచెం కిందికి వంగింది. గైడ్ టార్చి పక్కకి తిప్పేసి, నిద్రపోనీ అన్నాడు.