గుర్రాలు దిగిపోయిన వీధి

అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో మాన్యుమెంట్ అవెన్యూ అనే వీధి ఉంది. మాన్యుమెంట్ అంటే స్మారకం. ఆ వీధిలోని స్మారకాల్లో ఇప్పుడు ఒక్కటే మిగిలింది. 2024 వసంతంలో మా అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు అక్కడికి తీసుకెళ్లమని మేనకోడలిని అడిగాను. "గడ్డి తప్ప ఏముంది మామయ్యా అక్కడ?" అంది. నాకు కావలసింది ఆ గడ్డే.

చెట్ల నీడలో పాతకాలపు పెద్ద పెద్ద భవంతులు, కూడలి మధ్య ఒక వలయం. అమెరికా అంతర్యుద్ధంలో కాన్ఫెడరసీ, అంటే దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి, సేనలను నడిపిన రాబర్ట్ లీ ఇక్కడ గుర్రం మీద 1890 నుంచి 2021 దాకా నిలిచి ఉన్నాడు. పారిస్‌లో పోత పోసిన ఆ కంచు విగ్రహాన్ని వేలాది జనం తాళ్లు పట్టి, రథం లాగినట్లు లాక్కొచ్చారట. అప్పటికి యుద్ధం ముగిసి పాతికేళ్లయింది. చుట్టూ ఉన్నది ఖాళీ పొలం. విగ్రహం వచ్చాక స్థలాలు అమ్ముడుపోయాయి. ఆ ఇళ్లు తెల్లవారికే. అంటే ఇది దుఃఖంతో కట్టిన సమాధి కాదు, సగం రాజకీయం, సగం స్థలాల వ్యాపారం. 1902లో వర్జీనియా కొత్త రాజ్యాంగం నల్లవారి ఓటు హక్కును దాదాపు తుడిచిపెట్టింది. తర్వాత 1907లో దక్షిణాది జనరల్ స్టూవర్ట్, ఆ కూటమి అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్, 1919లో మరో జనరల్ జాక్సన్ ఈ వీధికెక్కారు. యుద్ధపు పుండ్లను రేపి ఉంచడం మంచిది కాదని 1869లో ఒక ఉత్తరంలో రాసింది సాక్షాత్తు లీ. ఆయన భక్తులు వినిపించుకోలేదు.

ఆవిష్కరణ రోజుల్లోనే రిచ్‌మండ్ ప్లానెట్ పత్రిక నల్లజాతి సంపాదకుడు జాన్ మిచెల్, ఈ విగ్రహాన్ని నిలబెట్టింది నల్లవాడే, సమయం వస్తే దించడానికీ అతనే ఉంటాడని రాశాడు. 2021 సెప్టెంబరు 8న దాన్ని దించిన గుత్తేదారు నల్లజాతీయుడే.

2011 మార్చిలో ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూలినప్పుడు బాధపడినవాడిని నేను. అందుకే కొంత అనుమానంతోనే వెళ్లాను. కానీ అక్కడ పడినవారిలో కవులున్నారు. ఇక్కడి వారు మనుషులను ఆస్తిగా ఉంచుకునే హక్కు కోసం యుద్ధం నడిపినవారు. రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

అనుమానం పూర్తిగా తీరింది వాలెంటైన్ మ్యూజియంలో. 2020 జూన్‌లో నిరసనకారులు పడగొట్టిన డేవిస్ అక్కడ వెల్లకిలా పడి ఉన్నాడు. ముఖం సొట్టపోయింది, ఒంటి నిండా గులాబీ రంగు. తుడవకుండా అలాగే ఉంచారు. దాన్ని చెక్కిన ఎడ్వర్డ్ వాలెంటైన్ స్టూడియో ఆ ప్రాంగణంలోదే, మ్యూజియం తొలి అధ్యక్షుడూ ఆయనే. నూరేళ్లకు పైగా వీధిలో నిలబడి ఈ విగ్రహం చెప్పని చరిత్ర నేల మీద పడుకుని చెబుతోంది. విగ్రహం తీసేస్తే చరిత్ర చెరిగిపోతుందనే పెద్దమనుషులు ఒకసారి ఇక్కడికి రావాలి.

వీధిలో మిగిలిన ఆ ఒక్క విగ్రహం టెన్నిస్ వీరుడు ఆర్థర్ యాష్‌ది, 1996లో పెట్టారు. చిన్నప్పుడు ఇదే ఊళ్లో తెల్లవారి మైదానాల్లో ఆడనివ్వని పిల్లవాడు ఆయన. ఆయన పేరు పెట్టిన రోడ్డులోనే, కళా మ్యూజియం ముందు, నల్లజాతి చిత్రకారుడు కెహిండే వైలీ చేసిన ఆశ్వికుడున్నాడు. స్టూవర్ట్ విగ్రహానికి జవాబు అది. అదే ఠీవి, కానీ గుర్రం మీద మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్సుతో ఒక నల్ల యువకుడు. ఇలాంటి స్మారకాలను ఊరూరా నిలబెట్టించిన కాన్ఫెడరసీ పుత్రికల సంఘం కార్యాలయం ఆ పక్కనే. ఆ పొరుగు చూసి నేను పైకే నవ్వాను.

తిరుగుదారిలో వాదన వచ్చింది. షార్లట్స్‌విల్‌లోని లీ విగ్రహాన్ని 2023లో కరిగించేశారు. అది నాకు నచ్చలేదు, డేవిస్‌లాగే పడుకోబెట్టి ఉండాల్సింది అన్నాను.

"ఆ విగ్రహం పేరు చెప్పుకునే కదా 2017లో తెల్లజాతి దురహంకారులు ర్యాలీ చేశారు. అక్కడే జనం మీదికి కారు తోలి ఒకామెను చంపారు. లోహం అలాగే ఉంటే మళ్లీ నిలబెట్టమంటారు మామయ్యా" అంది.

అంత దూరం పోదులే అన్నాను. 2025 అక్టోబరులో, అయిదేళ్ల కిందట నిరసనకారులు పడగొట్టిన ఆల్బర్ట్ పైక్ అనే కాన్ఫెడరేట్ జనరల్ విగ్రహాన్ని వాషింగ్టన్‌లో తిరిగి నిలబెట్టారు. ఆ వార్త నాకు పంపింది మా మేనకోడలే. కింద ఒక్క మాట కూడా రాయలేదు.