కాల్షియం డబ్బాలో గోలీలు

మా ఇల్లు మోతీనగర్‌లో. నెలకొకసారి అమ్మ, అక్క కలిసి ఎర్రగడ్డకు వెళ్తారు. ఆటో ఎక్కగానే అమ్మ "రైతుబజారు కాడ ఆపు" అంటుంది తప్ప, తాము నిజంగా వెళ్తున్న చోటి పేరు ఈ పన్నెండేళ్లలో ఒక్కసారైనా ఆమె నోట నేను వినలేదు. తిరిగి వచ్చేటప్పుడు రెండు కిలోల టమాటాలు కూడా తెస్తుంది; చెప్పిన మాట అబద్ధం కాకూడదు కదా.

ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి ఉంది, ఆదివారం పాత సామాన్ల అంగడి ఉంది, 2017 నుంచి మెట్రో స్టేషన్ కూడా ఉంది. అయినా ఆ పేరు ఎత్తగానే హైదరాబాదులో ఎవరికైనా గుర్తొచ్చేది మానసిక చికిత్సాలయమే. "వీణ్ని ఎర్రగడ్డలో చేర్పించాలి" అనే మాట మన నగరంలో తిట్టుగానూ పనికొస్తుంది, హాస్యంగానూ పనికొస్తుంది. నేనూ కాలేజీ రోజుల్లో ఆ మాట లెక్కలేనన్నిసార్లు వాడినవాణ్నే.

అక్కకు స్కిజోఫ్రీనియా. ఈ వాక్యం రాయడానికి ఆమె అనుమతి తీసుకున్నాను.

మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడటం ఇప్పుడు నిషిద్ధం కాదని చాలామంది అంటారు. అందులో సగం నిజమే. మాదాపూర్‌లోని మా ఆఫీసులో ఏటా అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం రోజున, ఒక సభ జరుగుతుంది. నిరుడు ఒక సహోద్యోగి లేచి, తాను డిప్రెషన్‌తో పడిన బాధను దాచుకోకుండా చెప్పినప్పుడు అందరం చప్పట్లు కొట్టాము, ఆ చప్పట్లలో కపటం ఏమీ లేదు. ఆ తరువాత మైకు నా వైపు వచ్చింది. ఇంట్లో ఒకరికి చెవిలో గొంతులు వినబడతాయని, పక్కింటివాళ్లు ఫ్యాను రెక్కల్లోంచి తనను తిడుతున్నారని ఆమె ఒకప్పుడు నమ్మిందని చెప్పడానికి నోరు పెగలలేదు. మైకు పక్కవారికి అందించి సమోసా తిన్నాను. నిషేధం తొలగిపోయిందని మనం అనుకుంటున్నాము గాని, నాకు తెలిసినంతలో అది నాలుగడుగులు వెనక్కి జరిగి కూర్చుంది, అంతే. దిగులు, ఆందోళన గీతకు ఇవతల పడ్డాయి. భ్రమ, సంశయం, గొంతులు ఇంకా గీతకు అవతలే ఉన్నాయి.

అక్కకు ఈ జబ్బు ఇరవై రెండో ఏట, ఎమ్మెస్సీ రెండో సంవత్సరంలో మొదలైంది. సాధారణంగా ఆ వయసులోనే, అంటే పెళ్లి మాటలు మొదలయ్యే వయసులోనే, ఇది బయటపడుతుంది. మొదట దిష్టి అన్నారు, తరువాత దర్గాలో తాయెత్తు కట్టించారు, ఆ తరువాత "నరాల బలహీనత" అనే గౌరవప్రదమైన మాట ఒకటి దొరికింది. ఆ మాట చాటున రెండేళ్లు గడిచిపోయాయి. మానసిక వైద్యుడి దగ్గరకు చేరిన తరువాత కూడా మొదటి రెండు మందులు పనిచేయలేదు. అలాంటివారికి ఇచ్చే క్లోజపిన్ అనే మందుతో అక్క క్రమంగా నిలదొక్కుకుంది. అయితే ఆ మందు కొందరిలో తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది కనుక మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేయించాలి. (ఇది చదివి వినిపించినప్పుడు, "ఆ తరువాత నెలకొకసారే అని కూడా రాయి, లేకపోతే జనం భయపడతారు" అని అక్క దిద్దింది.) ఆ 18 వారాలూ రక్తం తీసుకోవడానికి ఇంటికి వచ్చిన అబ్బాయికి అమ్మ "షుగర్ పరీక్ష" అనే చెప్పింది.

అమ్మ భయానికి ఆధారం లేదని నేను అనను. హిందూ వివాహ చట్టం విడాకుల కారణాలను చెప్పేచోట స్కిజోఫ్రీనియాను పేరు పెట్టి మరీ ప్రస్తావిస్తుంది. ఆ పేరు ఉన్నంత మాత్రాన విడాకులు ఇవ్వకూడదని, జబ్బు తీవ్రత ఎంతో చూడాలని 1988లోనే సుప్రీంకోర్టు చెప్పింది గాని, సంబంధాలు చూసేవారు తీర్పులు చదివి రారు కదా. అదే చట్టం పెళ్లికి అడ్డుగా చూపిన మూర్ఛవ్యాధిని 1999లో తొలగించారు. 1976లో చేర్చిన ఆ మాటను తీసేయడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

కాబట్టి అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. మందుల దుకాణం నుంచి నల్ల కవరులో వచ్చిన షీట్లను వంటింటి బల్ల మీద పరచి, ఒక్కొక్క గోలీని బొటనవేలితో నొక్కి బయటకు తీసి, ఖాళీ అయిన కాల్షియం డబ్బాలో వేస్తుంది. ఖాళీ షీట్లను కత్తెరతో చిన్న ముక్కలు చేసి, ఉల్లిపొట్టుతో కలిపి చెత్తబుట్టలో పడేస్తుంది. చెత్తబండివాడు పేరు చదువుతాడని ఆమె అనుమానం.

నిరుడు సెప్టెంబరులో అక్కకు డెంగీ వచ్చింది. ఆసుపత్రిలో చేర్చినప్పుడు డ్యూటీ డాక్టరు అడగవలసిన ప్రశ్నే అడిగారు: "ఇంతకుముందు నుంచి ఏమైనా మందులు వాడుతున్నారా?"

"ఏం లేవు సార్, బలం గోలీలు ఏసుకుంటది," అన్నది అమ్మ.

తెల్ల రక్తకణాలను డెంగీ కూడా తగ్గిస్తుంది. క్లోజపిన్ వాడుతున్నారని తెలియని వైద్యుడు ఆ తగ్గుదలను డెంగీ ఖాతాలో వేసి ఊరుకోవచ్చు. పైగా ఆ మందు 48 గంటలకు మించి ఆగితే మళ్లీ పాత మోతాదులో వేయకూడదు, అతి తక్కువ మోతాదు నుంచి మొదలుపెట్టాలి. నేను వరండాలో డాక్టరును ఆపి, డబ్బా చూపించి, మందు పేరు చెప్పాను. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. కేసు షీటులో రాసుకుని, అక్కను చూసే మానసిక వైద్యుడికి అప్పుడే ఫోను చేశారు. పన్నెండేళ్లుగా మేము దాచిన మాటకు ఆయన స్పందన రెండే ప్రశ్నలు: "రోజుకు ఎంత? చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు?"

ఆ తరువాత బీమా గొడవ. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శారీరక వ్యాధులకు ఉన్నట్టే మానసిక వ్యాధులకూ బీమా ఉండాలని చెబుతోంది. నాన్న మాత్రం పాలసీ తీసుకునే రోజున "ఇతర వ్యాధులు" అన్నచోట "లేవు" అని రాశారు. ఆ ఒక్క మాటను సరిచేయించడానికి ఎన్ని కాగితాలు తిరిగాయో రాస్తే అది వేరే టపా అవుతుంది.

అక్క కోలుకుని ఇంటికి వచ్చింది. ఇప్పుడు గోలీలు షీటులోనే ఉంటున్నాయి. ఫ్రిజ్ తలుపు మీద అక్క తన చేతివ్రాతతో మందు పేరు, మోతాదు, డాక్టరు ఫోను నంబరు రాసి అంటించింది. అమ్మ దాన్ని చింపలేదు. చుట్టాలు వచ్చే రోజున మాత్రం దాని మీద కరెంటు బిల్లు తగిలిస్తుంది, వాళ్లు వెళ్లగానే తీసేస్తుంది.