తప్పు చేసిన పిల్లవాడికి బాధ్యత అప్పగించడం

చిన్న వయసులో నేరం చేసి బాల న్యాయస్థానం దాకా వెళ్లివచ్చిన పిల్లలకు మెంటార్‌గా, అంటే తోడుండి దారి చూపే పెద్దగా, ఉండాలనుకునేవారు, మొదటి రోజు వాళ్లతో ఏం మాట్లాడాలని నన్ను తరచుగా అడుగుతుంటారు. ఏం మాట్లాడినా పెద్ద తేడా ఉండదని నా అభిప్రాయం. పోలీసులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు, బంధువులు చెప్పిన నీతులన్నీ అప్పటికే విని ఉన్న పిల్లవాడు మన మాటల కంటే, మనం ఎన్నాళ్లు వస్తామన్నదే గమనిస్తాడు. చెప్పిన సమయానికి వెళ్లామా, అతను ముఖం చాటేసిన తర్వాతి వారం కూడా వెళ్లామా అన్నవే అతని లెక్కలో నిలుస్తాయి.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. అమెరికాలో మెంటార్లు ఉన్న కౌమారదశ పిల్లలపై పరిశోధకులు జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదికి పైగా సాగిన అనుబంధాలు ఎక్కువ మేలు చేశాయని, మూడు నెలల లోపే తెగిపోయిన చోట పిల్లల ఆత్మగౌరవం తగ్గిందని తేలింది. ఏడాది పాటు రాలేమనుకునేవారు ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిదని నేను నిర్మొహమాటంగా చెబుతాను.

అయితే ఎక్కువ కాలం ఉంటే చాలా అంటే, అదీ చాలదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనంలో సలహాదారులు అబ్బాయిల ఇళ్లకు ఏళ్ల తరబడి వెళ్లి, చదువుకు, వైద్యానికి సాయపడ్డారు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత పరిశోధకురాలు జోన్ మెక్‌కార్డ్ వారి జీవితాలను పరిశీలించి, సాయం అందుకున్నవారు అందుకోనివారి కంటే మెరుగ్గా లేరని, కొన్ని విషయాల్లో వెనకబడ్డారని 1978లో వెల్లడించారు. వేసవి శిబిరాలకు మళ్లీ మళ్లీ పంపిన అబ్బాయిల్లో చెడు ఫలితాలు ఎక్కువగా కనిపించాయని ఆ తర్వాతి విశ్లేషణ చూపింది. దారి తప్పిన పిల్లలను ఒకచోట చేర్చి వదిలేస్తే, ఒకరి గొప్పలకు మరొకరు నవ్వుతూ ఆ దారినే బలపరచుకుంటారు. జైలుకు తీసుకెళ్లి ఖైదీల చేత భయపెట్టించే పద్ధతి ఇంకా హానికరం; దానిపై జరిగిన ప్రయోగాలను కలిపి చూసినప్పుడు, ఆ పిల్లల్లో నేరాలు తగ్గకపోగా పెరిగినట్టు తేలింది.

కాబట్టి పక్కన నిలబడడంతో పాటు, ఆ పిల్లవాడు మరొకరికి అవసరమయ్యే స్థానం కల్పించాలి. నేను నాయకత్వం అనేది దీన్నే. దొంగతనం కేసులో న్యాయస్థానానికి వెళ్లివచ్చిన ఒక అబ్బాయికి చిన్నపిల్లల ఫుట్‌బాల్ జట్టు బాధ్యత అప్పగించాం. సాధనకు ఆలస్యంగా వచ్చినవాడు ఆ వారం ఆడకూడదన్న నియమం అతను పెట్టిందే. మ్యాచ్ ఉన్న వారమే ఆలస్యంగా వచ్చింది జట్టులో అందరికన్నా బాగా ఆడేవాడు, పైగా ఈ అబ్బాయి స్నేహితుడి తమ్ముడు. ఈ అబ్బాయి పేర్ల కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "సార్, మీరే చెప్పండి, వాడి పేరు రాయనా వద్దా?" అన్నాడు. "జట్టు నీది, నువ్వే తేల్చుకో" అన్నాను. చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాడు. చివరికి ఆ పేరు కొట్టేసి, స్నేహితుడి ఇంటికి స్వయంగా వెళ్లి కారణం చెప్పివచ్చాడు. జట్టు ఓడిపోయింది, స్నేహితుడు కొన్నాళ్లు మాట్లాడలేదు. అయినా, తనకు పెట్టే ప్రతి నియమాన్నీ అన్యాయమని వాదించే ఆ అబ్బాయి, నియమాన్ని అమలు చేసేవాడి వైపు నుంచి చూడడం ఆ వారమే మొదలుపెట్టాడు. నేను ఎన్ని గంటలు మాట్లాడినా అది జరిగేది కాదు.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 40వ అధికరణం, నేరం మోపబడిన బాలలు తిరిగి సమాజంలో కలిసి, అందులో నిర్మాణాత్మక పాత్ర వహించేలా చూడాలంటుంది. మన కార్యక్రమాలు చాలావరకు కలపడం దగ్గరే ఆగిపోయి, పాత్ర సంగతి మరచిపోతున్నాయి.

ఇక నాయకత్వం పేరుతో మారిన పిల్లవాణ్ని వేదిక ఎక్కించి, అతని నేరాన్ని అతని చేతే చెప్పించే పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. చప్పట్లు కొట్టించేది అతని నేరమే అయినప్పుడు, దాన్ని వదిలి ముందుకు వెళ్లడం అతనికి కష్టమవుతుంది. పైగా ఆ వీడియో అతని పేరుతో ఎప్పటికీ మిగిలిపోతుంది. అతనికి వేదికకు బదులు ఒక జట్టునో, సామాను గది తాళాన్నో, కొత్తగా వచ్చినవాడికి పని నేర్పే అవకాశాన్నో ఇవ్వండి. ఒక వారం పొరపాటు జరిగిందని దాన్ని వెంటనే వెనక్కి తీసుకోకండి. కూర్చోబెట్టి మాట్లాడి, మరుసటి వారం ఆ పనినే మళ్లీ అతనికి అప్పగించండి.