రక్తం కావాలంటే ముందు అడగాల్సింది: ఏ బ్యాగు?

విశాఖలో ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో రోజూ కనిపించే మెసేజ్ ఇది: ‘అర్జెంట్, ఓ నెగెటివ్ కావాలి, షేర్ చేయండి.’ వార్డు నంబరు, ఫోన్ నంబరు ఉంటాయి. కావాల్సింది ప్యాక్డ్ సెల్సా (విడదీసిన ఎర్ర కణాలు), ప్లేట్‌లెట్లా (రక్తం గడ్డకట్టడానికి సాయపడే కణాలు), ప్లాస్మానా (రక్తంలోని ద్రవం) అన్నది మాత్రం ఉండదు. అది తెలియకుండా ఏ గ్రూపు సరిపోతుందో చెప్పలేం. ఎర్ర కణాలకు ఒక లెక్క, ప్లాస్మాకు దాన్ని తిరగేసిన లెక్క.

‘ఏ’ గ్రూపు మనిషి ఎర్ర కణాల మీద ‘ఏ’ యాంటీజెన్ (కణం మీది గుర్తు) ఉంటుంది, ప్లాస్మాలో ‘బీ’ని పరాయిదిగా పట్టుకునే యాంటీబాడీ ఉంటుంది. బీ గ్రూపుకి ఇది తారుమారు. ఓ వాళ్ల కణాల మీద రెండూ ఉండవు, ప్లాస్మాలో రెండు యాంటీబాడీలూ ఉంటాయి. ఏబీ వాళ్లకు కణాల మీద రెండూ ఉంటాయి, ప్లాస్మాలో ఏదీ ఉండదు. అందుకే ‘ఓ’ ప్యాక్డ్ సెల్స్ దాదాపు ఎవరికైనా ఎక్కించవచ్చు, ‘ఓ’ గ్రూపు మనిషికి మాత్రం ‘ఓ’ ఒక్కటే ఎక్కాలి. ప్లాస్మా దగ్గరికి వచ్చేసరికి అందరికీ పనికొచ్చేది ఏబీ. ఓ ప్లాస్మా ఓ వాళ్లకే. ‘ఓ నెగెటివ్ అందరికీ ఇవ్వొచ్చు’ అన్న మాట ఎర్ర కణాల వరకే నిజం.

డెంగీ సీజన్‌లో ఈ తేడా తెలియక జనం పడే పరుగు చూస్తే బాధేస్తుంది. ప్లేట్‌లెట్లకు అదే గ్రూపు అయితే మంచిదే, దొరక్కపోతే పెద్దవాళ్లకు వేరే గ్రూపువి కూడా ఇస్తారు. మామూలు రక్తదానం నుంచి తీసిన ఒక యూనిట్ కౌంటును సుమారు 5 నుంచి 10 వేలు పెంచుతుంది. మెషీన్ మీద ఒకే దాత దగ్గర తీసిన ఎస్‌డీపీ అయితే 30 నుంచి 60 వేలు. ఎస్‌డీపీ దాతకు కనీసం లక్షన్నర కౌంటు ఉండాలి, గత మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. ఆ దాతను బయల్దేరదీసే ముందే ఇవి అడిగితే సగం తిరుగుడు తప్పుతుంది. రక్తస్రావం లేని డెంగీ పేషెంటుకి కౌంటు 10 వేల లోపు పడేదాకా సాధారణంగా ప్లేట్‌లెట్లు అక్కర్లేదు. 40 వేలు చూసి కంగారుపడకండి, డాక్టర్ని అడగండి.

గ్రూపు పక్కన పాజిటివ్, నెగెటివ్ అని రాసే ఆర్‌హెచ్ సంగతి వేరు. కణాల మీద డీ యాంటీజెన్ ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. డీ యాంటీజెన్‌కి వ్యతిరేకమైన యాంటీబాడీ పుట్టుకతో ఉండదు, నెగెటివ్ వాళ్ల ఒంట్లో పాజిటివ్ రక్తం పడ్డాకే తయారవుతుంది. కాబట్టి ప్రాణం మీదికొచ్చినప్పుడు, గ్రూపు తేలేదాకా మగవాళ్లకు ఓ పాజిటివ్ సెల్స్ ఇవ్వడం ఆమోదించిన పద్ధతే. ఓ నెగెటివ్‌ని ఆడపిల్లలకు, ఇంకా పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకు దాచి ఉంచాలి. మన దేశంలో నెగెటివ్ వాళ్లు నూటికి ఐదుగురు అటూ ఇటూ, ఆ నిల్వ ఎప్పుడూ పల్చనే. నెగెటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే తల్లి ఒంట్లో ఆ యాంటీబాడీ పుట్టకుండా 72 గంటల్లోపు 300 మైక్రోగ్రాముల యాంటీ-డీ ఇంజెక్షన్ పడాలి. మొదటి కాన్పు సాఫీగా జరిగిందని దాన్ని వదిలేస్తే దెబ్బ తగిలేది రెండో బిడ్డకి.

ల్యాబ్‌లో జరిగేది చూస్తే కళ్లకు కట్టినట్టు ఉంటుంది. నీలం రంగు చుక్క యాంటీ-ఏ (‘ఏ’ యాంటీజెన్‌ని పట్టుకునే ద్రవం), అలాగే పసుపుది యాంటీ-బీ, రంగు లేనిది యాంటీ-డీ. పేషెంటు కణాలు ముద్దకట్టాయంటే ఆ యాంటీజెన్ ఉన్నట్టు. అక్కడితో ఆగకూడదు. పేషెంటు సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) గ్రూపు ముందే తెలిసిన ‘ఏ’, ‘బీ’, ‘ఓ’ కణాలతో కలిపి తిరుగు పరీక్ష చేయాలి. 1952లో బొంబాయిలో వై.ఎం. భెండే బృందం బయటపెట్టిన అరుదైన బాంబే గ్రూపు మొదటి పరీక్షలో అచ్చం ఓ లాగే కనిపిస్తుంది. తిరుగు పరీక్షలో ఓ కణాలు కూడా ముద్దకడితేనే దొరుకుతుంది. వాళ్లకు ఓ రక్తం కూడా పనికిరాదు, బాంబే గ్రూపే కావాలి.

గ్రూపు కలిసినా క్రాస్ మ్యాచింగ్ (దాత రక్తాన్ని పేషెంటు రక్తంతో కలిపి చూడటం) తప్పదు. పాడేరు, అరకు వైపు సికిల్ సెల్ పిల్లలకు, థలసీమియా పిల్లలకు పదేపదే రక్తం ఎక్కుతుంది కాబట్టి సీ, ఈ, కెల్ లాంటి చిన్న యాంటీజెన్లకూ యాంటీబాడీలు పుడతాయి. మొదటిసారి ఎక్కించే ముందే వాళ్ల పూర్తి ఆర్‌హెచ్, కెల్ టైపు రాయించి, ఆ కాగితం భద్రంగా పెట్టుకోమని తల్లిదండ్రులకు చెప్పాలి.

సొంతవాళ్ల రక్తమే మేలన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. కానీ రక్తసంబంధీకుల తెల్ల కణాలను పేషెంటు ఒళ్లు పరాయివిగా గుర్తించకపోతే, అవి లోపలే స్థిరపడి చర్మం, కాలేయం, ఎముక మజ్జ మీద పడతాయి. అరుదే, కానీ వస్తే బతకడం కష్టం. వాళ్ల రక్తం ఎక్కించక తప్పకపోతే బ్యాగుకు ముందు 25 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ ఇప్పించాలి. ఇక పిల్లల్ని కనాలనుకునే భార్యకు భర్త రక్తం ఎక్కించకపోవడమే మంచిది. ఇంట్లోవాళ్లు బదులు రక్తం ఇస్తే చాలు, దానికి ఏ గ్రూపైనా ఫర్వాలేదు. బ్లడ్ బ్యాంక్ నిల్వలోంచి సరిపోయేది ఇస్తుంది.

ప్రాణాలు తీసే పొరపాట్లలో ఎక్కువ భాగం ల్యాబ్‌లో కాదు, మంచం దగ్గరే జరుగుతాయి. ఖాళీ ట్యూబు మీద ముందే పేరు రాసేయడం, ఒకే పేరున్న ఇద్దరి శాంపిల్స్ మారిపోవడం. పేషెంటుతో పేరు చెప్పించి, రక్తం తీసి, అక్కడికక్కడే లేబుల్ రాయాలి. బ్యాగు పెట్టేముందు కేసు షీటు, చేతి బ్యాండు, బ్యాగు నంబరు ఇద్దరు కలిసి చదివి సరిచూడాలి. సిస్టర్ మళ్లీ పేరు అడిగితే విసుక్కోవద్దు.

మహారాణిపేట నుంచి గాజువాక దాకా మన ఉక్కపోతలో బ్యాగును పాలిథిన్ కవర్లో తీసుకెళ్లకండి. ప్యాక్డ్ సెల్స్ చల్లని పెట్టెలో పోవాలి, ఐస్ నేరుగా తగలకూడదు, మంచులా గడ్డకడితే కణాలు పగిలిపోతాయి. ప్లేట్‌లెట్లు మాత్రం ఐస్ దగ్గరికే పోకూడదు, 20 నుంచి 24 డిగ్రీల్లో ఉండాలి. సెల్స్ బయటికి తీశాక అరగంటలో మొదలుపెట్టి నాలుగు గంటల్లో ముగించాలి. అదే లైనులో నార్మల్ సెలైన్ తప్ప ఏదీ కలపకూడదు. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ డ్రిప్) కణాల్ని పగలగొడుతుంది, రింగర్ లాక్టేట్ అనే మరో డ్రిప్‌లోని కాల్షియం రక్తాన్ని గడ్డకట్టిస్తుంది.

మొదటి 15 నిమిషాలు మెల్లగా ఎక్కించి, పక్కనే ఎవరైనా కూర్చోవాలి. చలి, జ్వరం, నడుం నొప్పి, ఆయాసం, మూత్రం ఎర్రబడటం, ఏది కనిపించినా వెంటనే సిస్టర్‌ని పిలిచి బ్యాగు ఆపించండి. సూది తీయించొద్దు, కొత్త సెట్టుతో సెలైన్ పెట్టి లైను తెరిచే ఉంచుతారు. మిగిలిన బ్యాగు, సెట్టు పారేయకుండా పేషెంటు కొత్త శాంపిల్‌తో కలిపి బ్లడ్ బ్యాంక్‌కి పంపాలి.