దూరం ఒకటే, గంటలు వేరు

లండన్ నుంచి న్యూయార్క్‌కు గగనమార్గంలో దూరం సుమారు 5,550 కిలోమీటర్లు. విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో వెళుతుంది కనుక 6 గంటల పైచిలుకు ప్రయాణమని లెక్క వేసుకున్న నాకు, టికెట్టు మీద 8 గంటలని చూసినప్పుడు ఎక్కడో పొరపాటు జరిగిందనిపించింది.

పొరపాటు నా లెక్కలోనే ఉంది. టికెట్టు మీది సమయాన్ని విమానం ఒక గేటు వదిలినప్పటి నుంచి మరో గేటు చేరేదాకా లెక్కిస్తారు. రన్‌వే వద్ద వరుసలో నిలిచే నిమిషాలూ అందులోనివే. అంతకంటే పెద్ద కారణం గాలి. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి న్యూయార్క్‌కు వెళ్లేటప్పుడు ఎదురుగాలి అవుతుంది, తిరుగు ప్రయాణంలో వెనుక నుంచి తోస్తుంది. అందుకే వచ్చేటప్పుడు దాదాపు 7 గంటలే పడుతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల ఊపుతో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 5 గంటలలోపే చేరింది!

సీటు ముందున్న తెరపై దారి ఉత్తరానికి వంగిన విల్లులా కనబడితే చుట్టూ తిప్పుతున్నారని నేను మొదట అనుమానించాను. నిజానికి గుండ్రటి భూమి మీద అదే దగ్గరి దారి. చదును చేసిన పటమే దాన్ని వంకరగా చూపుతుంది.