సెల్లార్లో అర డిగ్రీ

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరిగెత్తాయి. ఆ రోజు గ్యాలరీలో కూర్చున్నప్పుడే, ఎప్పటికైనా నేనూ గడియారంతో పోటీపడి బండి నడపాలని గట్టిగా అనుకున్నాను. ఉన్నది పెట్రోల్ స్విఫ్ట్. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. దాంతోనే ఊరి బయట కోన్లు పెట్టి నడిపే ఆటోక్రాస్‌లో, స్టాక్ క్లాసులో దిగాను.

కుడి మలుపుల్లో బండి తిరగలేదు. స్టీరింగ్ ఎంత తిప్పినా ముందు టైర్లు కీచుమంటూ నేరుగా జారిపోయాయి. ఇంటికొచ్చి టైరు మీద చెయ్యి పెట్టి చూశాను. ఎడమ ముందు టైరు బయటి అంచున రబ్బరు ఆకురాయిలా గరుకుగా లేచి ఉంది. లోపలి అంచు మాత్రం కొత్తదానిలా నున్నగా ఉంది.

మలుపులో బండి బయటివైపుకి ఒరుగుతుంది. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు కడ్డీ) సస్పెన్షన్ ఉన్న బండిలో దాంతోపాటే చక్రం కూడా బయటికి వాలి, బరువంతా ఆ అంచు మీదే పడుతుంది. అందుకే రేసుల వాళ్ళు బండి నిలబడి ఉన్నప్పుడే చక్రాల పైభాగాన్ని కాస్త లోపలికి వాల్చి పెట్టుకుంటారు. నెగెటివ్ కాంబర్ అంటే అదే.

దగ్గర్లోని ఒక అలైన్‌మెంట్ షాపుకి వెళ్ళాను. "అంతా గ్రీన్ వచ్చింది సార్, ఓకే" అని కాగితం చేతిలో పెట్టారు. ఎడమ కాంబర్ -0.1 డిగ్రీ, కుడి +0.3. రెండూ గ్రీనే. కానీ గ్రీన్ అంటే కంపెనీ ఇచ్చిన హద్దులోపల ఉందని మాత్రమే. ఆఫీసుకి వెళ్ళే బండికి అది చాలు, నాకు చాలదు. కాంబర్ మార్చమని అడిగితే, "ఈ బండికి ఆ సెట్టింగ్ ఉండదన్నా" అన్నాడు కుర్రాడు. అబద్ధం కాదు, అడ్జస్టర్ లేదు. కానీ స్ట్రట్‌ని నకిల్‌కి, అంటే చక్రాన్ని మోసే ఇనుప దిమ్మకి, పట్టి ఉంచే రెండు బోల్టుల రంధ్రాల్లో వెంట్రుకవాసి సందు ఉంటుంది. మా ఈవెంట్ స్టాక్ క్లాసులో కాంబర్ మార్చే ప్లేట్లు, సన్న బోల్టులు పెట్టకూడదు. ఉన్న సందుని వాడుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

ఆదివారం పొద్దున్నే బావని పిలిచి అపార్ట్‌మెంట్ సెల్లార్లో మొదలుపెట్టాను. ఫోన్‌లో కోణం చూసే యాప్, రిమ్ముకి ఆనించడానికి ఒక అల్యూమినియం పట్టీ. రెండుసార్లు కొలిచినా లెక్క షాపు కాగితంతో కలవలేదు. మా వాచ్‌మన్ ఒకప్పుడు మేస్త్రీ. కాసేపు చూసి, "సెల్లార్ల నీళ్ళు పోనీకి వాలు పెడ్తరు సార్, మట్టం యాడుంటది?" అన్నాడు. తానే వెళ్ళి మట్టం చూసే నీళ్ళ పైపు తెచ్చాడు. ఒక కొన ఎడమ చక్రం దగ్గర, ఇంకో కొన కుడి చక్రం దగ్గర పట్టుకున్నాం. ఎడమవైపు నేల 9 మిల్లీమీటర్లు కిందికి ఉంది. ఒకటిన్నర మీటర్ల వెడల్పులో అంటే దాదాపు మూడో వంతు డిగ్రీ. నేను వెతుకుతున్నదే అర డిగ్రీ! ఆ పైపు లేకపోతే ఆ రోజు పనంతా తప్పు లెక్క మీదే జరిగేది. నాలుగు చక్రాల కింద ప్లైవుడ్ ముక్కలు, టైల్స్ పేర్చి మట్టం తెచ్చేసరికే గంటన్నర పట్టింది.

తర్వాత పని సూటిగానే సాగింది. జాకీ ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, చక్రం విప్పి, రెండు నట్లు వదులు చేశాం. బావ నకిల్ పైభాగాన్ని లోపలికి నెట్టి పట్టుకుంటే నేను పానా బిగించాను. తర్వాత మాన్యువల్లో చెప్పిన టార్క్‌కి టార్క్ రెంచ్‌తో సరిచూశాను. బండి దించాక ముందుకీ వెనక్కీ దొర్లించి, బానెట్ నొక్కి ఊపాలి. లేకపోతే సస్పెన్షన్ తన చోటికి రాదు, కొలత తప్పొస్తుంది. సీట్లో నా బరువుకి సరిపడా రెండు బియ్యం బస్తాలు పెట్టాం. చివరికి ఎడమ -0.6, కుడి -0.3 వచ్చాయి. కుడివైపు అంతకంటే సందు లేదు. రోడ్డు మీద బండి ఒక పక్కకి లాగకూడదని ఎడమను -0.4కి వెనక్కి తెచ్చాను.

కాంబర్ కదిలితే టో (పైనుంచి చూస్తే చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) కూడా కదులుతుంది, కాబట్టి టో ఎప్పుడూ ఆఖర్నే. బండికి రెండు పక్కలా హబ్బుల (చక్రం నడిమి) ఎత్తులో దారం కట్టి, రిమ్ము ముందంచు, వెనకంచు దారానికి ఎంత దూరమో స్కేలుతో కొలిచాం. చక్రం సులువుగా కదలాలని ముందు టైర్ల కింద రెండేసి టైల్స్, మధ్యలో గ్రీజు. స్టీరింగ్ నుంచి చక్రాలకి వెళ్ళే టై రాడ్లు రెండూ సమానంగా తిప్పాలి, లేదంటే స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. మొదట మొత్తం 2 మిల్లీమీటర్ల టో అవుట్ పెట్టాను, అంటే ముందంచులు బయటికి. ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి నిలకడగా లేదు, చిన్న గతుక్కే అటూ ఇటూ వెళ్ళింది. 1 మిల్లీమీటరుకి తగ్గిస్తే కుదురుకుంది. వెనక రెండు చక్రాలనీ కలిపే ఒకే దూలం, టార్షన్ బీమ్; అక్కడ తిప్పడానికేమీ లేదు.

తర్వాతి ఈవెంట్‌కి ముందు టైరు అంచు మీద సుద్దముక్కతో గీతలు గీశాను. టైరు పక్కగోడ మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. రబ్బరు ఒరిగి అక్కడిదాకా నేలకి తగిలితే చాలు, దాటకూడదు. మొదటి రన్ తర్వాత సుద్ద త్రికోణం దాటి చెరిగిపోయింది. గాలి 2 పీఎస్ఐ పెంచాను. రెండో రన్‌లో సరిగ్గా త్రికోణం దగ్గరే ఆగింది. కుడి మలుపులో ముక్కు నేను చూసిన చోటికి వచ్చింది. హెల్మెట్‌లోపల గట్టిగా అరిచేశాను.

ఆ రెండు బోల్టుల తల మీదుగా నకిల్ మీదికి మా ఆవిడ గోళ్ళ రంగుతో ఎర్ర గీత గీసి పెట్టాను, బోల్టు కదిలితే గీత విరుగుతుందని. ఆ రాత్రి సెల్లార్లో టార్చి వేసి చూశాను. రెండు పక్కలా గీత చెక్కుచెదరలేదు.